వెనక చేతుల టీచర్

ఆ బడిలో కంప్యూటర్ టీచర్‌కి పిల్లలు పెట్టిన పేరు వెనక చేతుల టీచర్. తరగతిలో అడుగుపెట్టగానే ఆవిడ రెండు చేతులూ వీపు వెనక్కి పోతాయి. కుడిచేతి మణికట్టును ఎడమచేయి గట్టిగా పట్టుకుంటుంది. గంట కొట్టేదాకా అవి ముందుకు రావు. ఏ పిల్లాడి మౌస్ మీదైనా, ఏ పిల్ల కీబోర్డు మీదైనా ఆవిడ వేలు పడగా చూశామని ఆ బడిలో ఎవరూ చెప్పలేరు. ఇది స్టయిలూ కాదు, నడుంనొప్పీ కాదు. కోపం. చాలా పాత కోపం.

ఆ కోపం పుట్టినిల్లు ఆవిడ పుట్టిల్లే. ముగ్గురు అన్నల తర్వాత పుట్టిన చెల్లెలు కాబట్టి గారాబానికి లోటు లేదు. లోటల్లా ఒకటే, ఆ ఇంట్లో ఏ పనీ ఆ పిల్ల చేతిలో చివరిదాకా ఉండేది కాదు. సైకిల్ చైను ఊడితే ఎక్కించబోయేది. "ఇలా ఇవ్వు, చేతులు నల్లబడతాయి" అని పెద్దన్నయ్య లాక్కునేవాడు. రేడియో వెనక మూత విప్పబోయేది. "ఇలా ఇవ్వు, నీకు రాదు" అని చిన్నన్నయ్య. సూదిలో దారం ఎక్కిస్తూ రెండోసారి గురి తప్పిందో లేదో, "ఇలా ఇవ్వవే తల్లీ, నువ్వెక్కించేసరికి తెల్లారుతుంది" అని అమ్మ. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. అందరూ ప్రేమతోనే లాక్కున్నారు. తిట్టి లాక్కుంటే ఎదురు తిరగొచ్చు. ముద్దుచేసి లాక్కునేవాళ్లను ఏం చేస్తాం? లోపల్లోపల మండడం తప్ప ఇంకో దారి లేదు.

తర్వాత కంప్యూటర్ కోర్సులో చేరింది. ఒక్కో కంప్యూటర్ ముందు నలుగురు కూర్చునేవారు. మౌస్ ఎప్పుడూ నట్టనడుమ కుర్చీలో కూర్చున్న కుర్రాడిదే. ఈవిడ పక్కనుంచి మెడ సాచి చూసి, చూసినదంతా రాసుకుని, కాగితం మీదే పరీక్ష రాసి ఫస్ట్ క్లాసులో పాసైంది. సర్టిఫికెట్‌కి నాన్న ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాడు. ఆ చదువుతోనే ఉద్యోగంలో చేరిన మొదటిరోజు, జీవితంలో మొదటిసారి మౌస్ చేతికి దొరికింది. దాని తోక తనవైపు ఉండేలా పట్టుకుంది. కుడికి జరిపితే బాణం ఎడమకి పోయింది, పైకి తోస్తే కిందికి దిగింది. కంప్యూటర్ పాడైందని వెళ్లి మేనేజరుకి చెప్పింది. ఆయన వచ్చి, మౌస్‌ని ఇటుది అటు తిప్పి పెట్టి, ఆఫీసంతా వినపడేలా నవ్వి, "ఇలా ఇవ్వమ్మా, నేను చేసిపెడతాలే" అన్నాడు.

ఫస్ట్ క్లాసు మనిషికి మౌస్ ఎటు పట్టుకోవాలో తెలియకపోవడం ఎవరి తప్పు? ఆవిడదా? నవ్విన ఆఫీసులో ఒక్కరు కూడా ఈ ప్రశ్న వేసుకోలేదు. ఆవిడ మాత్రం వేసుకుంది. ఆరోజు సాయంత్రం ఇంటికి వచ్చి హాల్లో సర్టిఫికెట్ దించి బీరువా వెనక పెట్టేసింది. నాన్న ఎందుకని అడిగితే, "అది నాది కాదు నాన్నా, నా పక్కన కూర్చున్నవాడిది" అంది.

ఆ తర్వాత పెళ్లయింది, ఉద్యోగం మారి ఈ బడికి వచ్చింది. మొగుడు మంచివాడే. ఆయనకీ "ఇలా ఇవ్వు" జబ్బు ఉండేది కానీ, మొదటి ఏడాదిలోనే నయమైంది. "మా ఇంట్లో గ్యాస్ బండ మార్చేటప్పుడు నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలండీ, లేకపోతే ఆరోజు అన్నం ఉండదు" అని చుట్టాలందరికీ చెప్పుకుని నవ్వుతాడు. ఆవిడ నవ్వదు.

బడిలో కంప్యూటర్ గది ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసే కొట్టు. కిటికీ ఒకటే, ఫ్యాను తిరిగితే కిర్రుమంటుంది. అక్కడ ఆవిడ పిల్లలకి ప్రోగ్రామింగ్ నేర్పేది రంగురంగుల ముక్కలతో. టైపు చేసేదేమీ ఉండదు. తెర మీద ఒక పక్కన ముక్కలుంటాయి. ఒకదాని మీద 'పది అడుగులు జరుగు' అని ఉంటుంది, ఇంకోదాని మీద 'తాకితే' అని, మరోదాని మీద 'ఎప్పటికీ' అని. కావలసిన ముక్కను మౌస్‌తో లాగి, ఒకదాని కింద ఒకటి తగిలించి, పచ్చజెండా నొక్కితే తెర మీది బొమ్మ ఆ ముక్కలు చెప్పినట్టల్లా ఆడుతుంది. మనం చెప్పాలనుకున్నట్టు కాదు, చెప్పినట్టు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా తెలుసుకోవడమే ఆ గదిలో చదువు.

బొమ్మ తప్పుగా ఆడిందా, పిల్లలు "టీచర్" అని కేకేస్తారు. ఆవిడ చేతులు వెనకే పెట్టుకుని వచ్చి నిలబడి రెండే ప్రశ్నలడుగుతుంది. "నువ్వేం చెయ్యమన్నావ్? అదేం చేసింది?" అంతే. "మీరు చేసి చూపించండి టీచర్" అని ఎవరైనా బతిమాలితే, "నా చేతులు సెలవులో ఉన్నాయి" అంటుంది. కొందరు ఏడ్చేవారు. కొందరు ఇంటికెళ్లి చాడీలు చెప్పేవారు. చివరికి అందరూ ముక్కలు విప్పి చూసుకోవడం నేర్చుకునేవారు.

మిగతా టీచర్లకి ఇదంతా వేళాకోళం. "రంగు ముక్కలు అంటించడం కూడా చదువేనా? మా ఇంట్లో మూడేళ్ల మనవరాలు కూడా అంటిస్తుంది" అనేవాడు లెక్కల మాస్టారు. ఆయన క్లాసులో పిల్లలు బోర్డు మీది లెక్కను చుక్క పొల్లు పోకుండా ఎక్కించుకుంటారు. ఎందుకలా వచ్చిందని ఒక్కరడిగిన పాపాన పోలేదు. అది చదువట, ఇది ఆటట! ఆవిడకి ఒళ్లు మండేది. జవాబు చెప్పబోయి, చెప్పినా ఈయన చెవికెక్కదని తన గదికి వెళ్లిపోయేది.

అసలు గొడవ ఎగ్జిబిషన్‌తో వచ్చింది. ఏటా బడిలో పిల్లల ఎగ్జిబిషన్ పెడతారు. పిల్లల ఎగ్జిబిషన్ అనేది బ్యానరు మీది మాట. బొమ్మలకు రంగులు దిద్దేది డ్రాయింగ్ టీచర్. సైన్సు మోడళ్లు వడ్రంగి చేస్తాడు, లేదా సెలవు పెట్టి మరీ తండ్రులు చేస్తారు. పిల్లలు పక్కన నిలబడి, కంఠస్థం చేసిన నాలుగు వాక్యాలు అప్పజెప్పి, షీల్డు పట్టుకుని ఫొటో దిగుతారు. ఎవరికీ సిగ్గనిపించదు. పైగా మా వాడే చేశాడని ఊరంతా చెప్పుకుంటారు.

ఈసారి హెడ్మాస్టర్ ఆవిడను పిలిచి ముందే చెప్పేశాడు. "చూడండి టీచర్, కమిటీవాళ్లు వస్తున్నారు. కంప్యూటర్ పాఠాల ప్యాకేజీ అమ్మే కంపెనీ ఆయన కూడా వస్తున్నాడు. మీ గదిలో ఒక్క ప్రోగ్రాం కూడా మొరాయించకూడదు."

"పిల్లలు చేసినవి సార్. ఒకటో రెండో మొరాయిస్తాయి. మొరాయించినప్పుడు వాళ్లేం చేస్తారో అదే చూడాల్సింది."

"అది చూడ్డానికి ఎవరికి తీరికుందమ్మా? ఒక్కటి ఆగినా వచ్చే ఏడు ఆ ప్యాకేజీ తెప్పిస్తాను. ఏ ముక్క ఎక్కడ పెట్టాలో అదే చూపిస్తుంది, పిల్లలు అక్కడ పెడతారు, ప్రతి ఒక్కళ్లకీ సర్టిఫికెట్ వస్తుంది. మీరు హాయిగా ఆఫీసు పని చూసుకోవచ్చు."

సర్టిఫికెట్ అనే మాట వినగానే ఆవిడకి బీరువా వెనక ఉన్న ఫ్రేము గుర్తొచ్చింది. కోపంతో చెవులు వేడెక్కాయి. అయినా "సరే సార్" అని వచ్చేసింది. ఆ గది పోతే తనకు మిగిలేది ఫీజు రసీదులకు స్టాంపు కొట్టే పని.

అన్ని ప్రోగ్రాములూ దాదాపు బాగానే నడుస్తున్నాయి, ఒక్క గొణుగుడుది తప్ప. గొణుగుడు అంటే ఆరో తరగతి పిల్ల. పని చేసుకుంటూ తనలో తను ఏదో మాట్లాడుకుంటుంది కాబట్టి తోటిపిల్లలు ఆ పేరు పెట్టారు. మిగతావాళ్లు పిల్లులను ఎగరేస్తే, బెలూన్లను పేలిస్తే, ఈ పిల్ల లిఫ్టు చేస్తానంది. వాళ్లుండే బిల్డింగులో లిఫ్టు మూడో అంతస్తులో ఆగదు. వీళ్లుండేది మూడో అంతస్తే. మోకాళ్లనొప్పుల అమ్మమ్మ నాలుగుదాకా పోయి, కమ్మీ పట్టుకుని ఒక అంతస్తు దిగిరావాలి. బాగుచేయించమని చెప్పీ చెప్పీ వాళ్లమ్మ నోరు నొప్పెట్టడమే మిగిలింది. "మూడో అంతస్తులో ఆగే లిఫ్టు నేను చేసి చూపిస్తా, నువ్వు బడికి రా" అని పిల్ల అమ్మమ్మకి మాటిచ్చేసింది.

తీరా చేశాక, అదీ ఆగలేదు. పచ్చజెండా నొక్కగానే లిఫ్టు బయలుదేరి, మూడో అంతస్తు దగ్గర గీసిన ఎర్రగీతను దాటి, డాబా దాటి, తెర పైఅంచుకి పోయి అతుక్కునేది. కింది కొస మాత్రం కాస్త కనిపించేది. కారణం టీచర్‌కి మొదటి చూపులోనే తెలిసిపోయింది. 'ఎర్రగీతను తాకితే ఆగు' అనే ముక్కను పిల్ల 'ఎప్పటికీ పైకి జరుగు' అనే ముక్కకి పైన పెట్టింది. అంటే లిఫ్టు బయలుదేరకముందు, కిందున్నప్పుడే ఒక్కసారి గీత తాకిందా అని చూసుకుంటుంది. తాకలేదు. ఇక ఎప్పటికీ పైకి పోవడమే, మళ్లీ చూసుకోవడం లేదు. పైనున్న ముక్కను లాగి 'ఎప్పటికీ' కడుపులో పెడితే అడుగడుగునా చూసుకుంటుంది. క్షణం పని.

ఆ క్షణం పని కోసం గొణుగుడు రోజుల తరబడి గొణిగింది. "నువ్వేం చెయ్యమన్నావ్? అదేం చేసింది?" అని టీచర్ అడుగుతూనే ఉంది. పిల్ల దగ్గరకొచ్చింది, చాలా దగ్గరకొచ్చింది. "ఇది గీతను చూడట్లేదు టీచర్. ఎందుకు చూడట్లేదంటే..." అంటూ ఉండగానే గంట కొట్టేసేది.

ఎగ్జిబిషన్‌కి ముందురోజు మధ్యాహ్నం, పిల్లలంతా అన్నాలకు వెళ్లినప్పుడు, టీచర్ ఒక్కతే గదిలో ఉండిపోయింది. గొణుగుడు కంప్యూటర్ ముందు నిలబడింది. ఒక్క ముక్క. పిల్ల ఎలాగూ దాదాపు కనిపెట్టేసింది. అమ్మమ్మ వస్తోంది, పాపం చిన్నబోతుంది. గది నిలబడితే వచ్చే ఏడు ఇంకెంతమందో నేర్చుకుంటారు. ఎన్ని మంచి మాటలు దొరికాయో చూడండి! లాక్కునేవాళ్లకు మంచి మాటలు ఎప్పుడూ దొరుకుతాయి. పెద్దన్నయ్యకు దొరికాయి, అమ్మకు దొరికాయి. ఆవిడ ఎడమచేయి పట్టు వదిలింది. కుడిచేయి ముందుకొచ్చింది. ముక్కను లాగి 'ఎప్పటికీ' లోపల పెట్టి పచ్చజెండా నొక్కింది. లిఫ్టు వెళ్లి మూడో అంతస్తులో ముద్దుగా ఆగింది.

అన్నం తిని వచ్చిన గొణుగుడు కూర్చుని జెండా నొక్కింది. లిఫ్టు ఆగింది. పిల్ల మళ్లీ నొక్కింది. మళ్లీ ఆగింది. టీచర్ ముఖాన నవ్వు పులుముకుని ఎదురుచూసింది. పిల్ల ముక్కలన్నీ పైనుంచి కిందికి వేలితో తడుముతూ చూసి, తలెత్తింది. ఆ ముఖం ఎర్రబడిపోయి ఉంది.

"నాది ఎవరు ముట్టుకున్నారు?"

గదిలో అందరూ ఇటు తిరిగారు. అబద్ధం చెప్పడానికి వీలుంది. కరెంటు పోయిందనొచ్చు, ఎవరో చూసుకోకుండా జరిపారనొచ్చు. "నేనే" అంది టీచర్. "ఒక్క ముక్కేనే, జరిపానంతే."

"ఒక్క ముక్కే అయితే నాకే వదిలెయ్యొచ్చుగా!"

ఆ గదిలో ఇన్నేళ్లలో టీచర్ మీద గొంతు లేపిన పిల్ల లేదు. "రేపు పెద్దవాళ్లంతా వస్తారమ్మా, నీ లిఫ్టు ఆగకపోతే..." అని టీచర్ నసిగింది. పిల్ల వినలేదు. ముక్కను 'ఎప్పటికీ' లోంచి ఈడ్చి బయటపడేసింది.

"మీరు ఎక్కడ పెట్టారో నేను చూసేశాను టీచర్. ఇప్పుడు నేను అక్కడ పెడితే అది మీదే అవుతుంది. నాకు దాదాపు వచ్చేసింది, తెలుసా? వచ్చేస్తుంటే మీరు తీసేసుకున్నారు."

ఎవరి మీద కోపంతో ఇన్నేళ్లు చేతులు కట్టుకుందో, ఆ మనుషుల వరసలో చివర తనే నిలబడి ఉంది. ఆ పిల్ల అంటున్న ప్రతి మాటా తను పదకొండేళ్లప్పుడు పెద్దన్నయ్యతో అనాల్సింది, అనలేకపోయింది. ఆవిడ పిల్లను ఆపలేదు. చేతులు వెనక్కి పెట్టుకుంది, కానీ ఆరోజు వాటిని చూసుకోవాలంటే ఆవిడకే అసహ్యం వేసింది.

మర్నాడు గది నిండా జనం. గొణుగుడు బల్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో అమ్మమ్మ, ఒళ్లో చేతికర్ర. హెడ్మాస్టర్ కమిటీవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. పక్కనే మెడకు టై బిగించిన ప్యాకేజీ ఆయన. "ఏం చేశావు పాపా? చూపించు" అన్నారెవరో. పిల్ల జెండా నొక్కింది. లిఫ్టు మూడో అంతస్తు దాటింది. డాబా దాటింది. పైకి పోయి అతుక్కుంది.

"ఓసి నీ తెలివి! నన్ను ఏకంగా పైకే పంపించేస్తున్నావేంటే?" అంది అమ్మమ్మ. అందరూ గొల్లుమన్నారు. హెడ్మాస్టర్ నవ్వలేదు, టీచర్ వైపు కొరకొరా చూశాడు. ప్యాకేజీ ఆయన మాత్రం అవకాశం దొరికిందని ముందుకొచ్చి, వంగి, మౌస్ మీదికి చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వు పాపా, నేను చేసి చూపిస్తా."

"చేతులు వెనక్కి!"

పిల్లలను అదిలించే గొంతుతోనే అరిచింది టీచర్. ప్యాకేజీ ఆయన ఉలిక్కిపడి రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు. ఆయనే కాదు, కమిటీలో ఇద్దరు కూడా పెట్టుకున్నారు. హెడ్మాస్టర్ చేతులు కూడా సగం దూరం పోయి, ఆయనకు తానెవరో గుర్తొచ్చి ఆగాయి.

"ఏంటిది టీచర్? నిన్న అన్నీ సరిచూశానని చెప్పారే!"

"నిన్న మధ్యాహ్నం ఇది చక్కగా ఆగింది సార్. ఎందుకంటే నేను సరిచేశాను, ఈ పిల్ల లేనప్పుడు. అది దొంగతనం. దొంగసొత్తు నాకొద్దని పిల్ల తీసి పారేసింది. దీని లిఫ్టు ఇంకా కాలేదు. అయ్యేదాకా ఉండే ఓపికుంటే నిలబడండి, లేకపోతే పక్కగదిలో వడ్రంగి చేసిన మోడళ్లు బాగా నడుస్తున్నాయి, చూసిరండి."

డ్రాయింగ్ టీచర్ తల దించుకుంది. తండ్రుల్లో ఒకాయన దగ్గాడు. హెడ్మాస్టర్ ముఖం కందగడ్డలా అయింది. "సోమవారం ఈ గది తాళంచెవి ఆఫీసులో ఇచ్చెయ్యండి" అని నెమ్మదిగా, కమిటీవాళ్లకు వినపడకుండా చెప్పి, అందరినీ తోలుకుపోయాడు. ఆవిడకి ఏడుపు రాలేదు. ఆ మాట పిల్ల ముందు అన్నందుకు మాత్రం ఒళ్లు భగ్గుమంది.

గదిలో ముగ్గురు మిగిలారు. "మీరు కూడా వెళ్లి అన్నీ చూడండమ్మా, దీనికి ఇంకాసేపు పడుతుందేమో" అని టీచర్ అమ్మమ్మతో అంది.

"నాకేం తొందరమ్మా? మా లిఫ్టు కోసం ఎంతసేపు నిలబడతానో మీకేం తెలుసు. ఇక్కడ కుర్చీ అయినా ఉంది."

పిల్లకు ఇవేవీ వినపడలేదు. గొణుగుతోంది. "ఎప్పటికీ పైకి జరుగు... ఎప్పటికీ... ఎప్పటికీ ఎందుకసలు? అమ్మమ్మ వెళ్లేది మూడుకే. మూడు దాకా వెళ్తే చాలుగా. మూడు వచ్చేదాకా..." ఒక్కసారిగా ఆగింది. 'ఎప్పటికీ' ముక్కను లాగి అవతల పారేసింది. ఆ ముక్క లేకపోతే మొత్తం పోయినట్టే అనుకుంది టీచర్. పిల్ల ముక్కల వరస కిందిదాకా వెతికి, ఇంతవరకు ఆ గదిలో ఎవరూ వాడని ఒక ముక్కను పట్టుకొచ్చింది. దాని మీద 'అయ్యేవరకు' అని ఉంది. ఎర్రగీతను తాకడం అయ్యేవరకు పైకి జరుగు. తర్వాత ఇంకేమీ లేదు.

టీచర్ మణికట్టు మీద గోళ్లు దిగాయి. అది తను పెట్టిన జవాబు కాదు. తనకు తోచని జవాబు, తనదానికన్నా పొట్టిది. నిన్న తను చెడగొట్టకపోతే పిల్ల ఎక్కడికి చేరేదో ఇక ఎప్పటికీ తెలియదు. ఇవాళ మాత్రం తనంతట తను ఇక్కడికి చేరింది.

జెండా నొక్కింది. లిఫ్టు బయలుదేరింది. ఒకటి దాటింది, రెండు దాటింది, మూడో అంతస్తులో ఎర్రగీత దగ్గర ఆగిపోయింది. అమ్మమ్మ కర్ర ఊతంతో కుర్చీలోంచి లేచి, తెర దగ్గరికి ముఖం పెట్టి, నిజంగానే దిగబోతున్నట్టు చూసింది. "ఇంకోసారి తిప్పవే" అంది. పిల్ల తిప్పింది. మళ్లీ ఆగింది.

అప్పుడు గొణుగుడు వెనక్కి తిరిగి టీచర్‌ని చూసింది. నిన్నటినుంచి ఆవిడతో మాట్లాడలేదు ఆ పిల్ల. కోపం ఇంకా పూర్తిగా పోలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. టీచర్ అలాగే నిలబడి ఉంది, భుజాలు బిగించి, చేతులు వీపు వెనక పెట్టుకుని.

"అయిపోయింది టీచర్" అంది పిల్ల. "ఇంక చేతులు ముందుకు తీసుకోవచ్చు."